భాగం 9 : నికోసియా పాత నగరం – కోటగోడలు, చరిత్ర పొరలు, పరిరక్షణ

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
– నికోసియా పాత నగరం ఏర్పడిన క్రమాన్ని, దానిని పాలించిన వారి పాత్రను వివరించగలుగుతారు;
– వెనిస్ వారి కోటగోడ నిర్మాణంలోని యుద్ధ అవసరాలను గుర్తించగలుగుతారు;
– ఒకే కట్టడంలో వేర్వేరు కాలాల ఆనవాళ్లను ఎలా చదవాలో చెప్పగలుగుతారు;
– విభజన జరిగిన నగరంలో వారసత్వ పరిరక్షణకు ఎదురయ్యే సమస్యలను, వాటికి కనుగొన్న మార్గాలను చర్చించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

మధ్యధరా సముద్రానికి తూర్పు కొసన ఉన్న ద్వీపం సైప్రస్. దాని రాజధాని నికోసియా. గ్రీకు భాషీయులు దీన్ని లెఫ్కోసియా అనీ, టర్కిష్ భాషీయులు లెఫ్కోషా అనీ అంటారు. ద్వీప రాజధాని అనగానే ఓడరేవు ఉన్న నగరం మన మనసులో మెదులుతుంది. నికోసియా అలాంటిది కాదు. ఇది తీరానికి దూరంగా, ద్వీపం నడిబొడ్డున ఉన్న మెసావోరియా మైదానంలో, పెడియోస్ అనే చిన్న నది పక్కన వెలసింది. సముద్రం మీది నుంచి వచ్చే దాడులకు దూరంగా ఉండటం, చుట్టూ సాగు భూములు ఉండటం రాజధానిగా దీనికి కలిసివచ్చిన అంశాలు.

ఈ నగరానికి మరొక ప్రత్యేకత ఉంది. గుండ్రని కోటగోడ లోపల ఉన్న పాత నగరాన్ని తూర్పు నుంచి పడమరకు ఒక సరిహద్దు రేఖ రెండుగా చీలుస్తుంది. దక్షిణ భాగం సైప్రస్ గణతంత్ర ప్రభుత్వ పాలనలో ఉంది. ఉత్తర భాగం 1983లో తనను తాను ప్రత్యేక రాజ్యంగా ప్రకటించుకున్న టర్కిష్ సైప్రియట్ పాలనలో ఉంది. ఆ ప్రకటనను టర్కీ తప్ప మరే దేశమూ గుర్తించలేదు. రెండింటి మధ్య ఐక్యరాజ్యసమితి శాంతి దళాల పర్యవేక్షణలో ఎవరూ నివసించని వీధులున్నాయి.

కాబట్టి నికోసియా వారసత్వాన్ని అధ్యయనం చేయడమంటే పాత కట్టడాల జాబితా నేర్చుకోవడం కాదు. ఒక గోడ, ఒక చర్చి, ఒక సత్రం ఎవరివి? కట్టిన వారివా, తరువాత వాడుకున్న వారివా, నేడు వాటి పక్కన నివసించే వారివా? పరస్పరం నమ్మకం కోల్పోయిన రెండు సమాజాలు ఒకే నగరాన్ని ఎలా కాపాడుకోగలవు? ఈ భాగంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

9.2 నగర చరిత్ర – పాలకులు

నేటి నికోసియా ప్రాంతంలో ప్రాచీన కాలంలో లెద్రా అనే చిన్న నగర రాజ్యం ఉండేది. నేటి ప్రధాన వ్యాపార వీధికి లెద్రా వీధి అన్న పేరు ఆ జ్ఞాపకమే. బైజాంటైన్ పాలన చివరి శతాబ్దాలలో తీర పట్టణాల ప్రాధాన్యం తగ్గి, నికోసియా ద్వీప పాలనా కేంద్రంగా ఎదిగింది.

1191లో మూడవ క్రూసేడుకు వెళ్తూ ఇంగ్లాండు రాజు మొదటి రిచర్డ్ సైప్రస్‌ను జయించాడు. ద్వీపాన్ని మొదట టెంప్లర్ యోధులకు అమ్మాడు. నికోసియా ప్రజలు వారి మీద తిరగబడటంతో 1192లో అది గీ ద లుసిన్యాన్ అనే ఫ్రెంచి ప్రభువు చేతికి వచ్చింది. లుసిన్యాన్ వంశం దాదాపు మూడు వందల ఏళ్లు పాలించింది. పాలకులు లాటిన్ క్రైస్తవులు, ప్రజలలో అత్యధికులు గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఫ్రెంచి గోథిక్ శైలి చర్చిలు ఈ తూర్పు ద్వీపంలో కనిపించడానికి కారణం ఇదే.

1489లో చివరి రాణి కాతెరీనా కొర్నారో నుంచి ద్వీపం వెనిస్ గణతంత్రం వశమైంది. 1570లో నికోసియాను, 1571లో ఫామగుస్తాను ఒట్టోమన్ సైన్యాలు గెలిచాయి. 1878లో పరిపాలన బ్రిటిష్ వారికి దక్కింది. 1960లో సైప్రస్ స్వతంత్ర గణతంత్రమైంది. ఈ పాలకులందరూ తమ గుర్తును నగరంలో వదిలారు. అయితే చాలా సందర్భాలలో కొత్త స్థలం వెతుక్కోకుండా, పాత కట్టడాల మీదనే ఆ గుర్తు వేశారు. పాత నగరాన్ని అర్థం చేసుకోవడానికి ఇది మొదటి సూత్రం.

9.3 వెనిస్ వారి కోటగోడ

నికోసియా పటం చూడగానే ఆకట్టుకునేది దాని గుండ్రని గోడ. చుట్టుకొలత సుమారు 5 కిలోమీటర్లు. దాని నుంచి సమాన దూరాలలో 11 బురుజులు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి. మూడు ప్రధాన ద్వారాలు ఉన్నాయి: తూర్పున ఫామగుస్తా ద్వారం, ఉత్తరాన కిరీనియా ద్వారం, పడమట పాఫోస్ ద్వారం.

1567లో వెనిస్ ప్రభుత్వం జూలియో సావోర్న్యానో అనే సైనిక ఇంజనీరుకు ఈ పని అప్పగించింది. అప్పటికే లుసిన్యాన్ రాజులు కట్టిన ఎత్తైన గోడలు నగరం చుట్టూ ఉన్నాయి. అయినా కొత్తవి ఎందుకు? ఫిరంగులు వచ్చిన తరువాత ఎత్తైన, సన్నని రాతి గోడలు బలహీనతగా మారాయి. ఫిరంగి గుండు తగిలితే అవి కూలిపోతాయి. అందువల్ల కొత్త పద్ధతిలో గోడను తక్కువ ఎత్తులో, చాలా మందంగా, మట్టితో నింపి కడతారు. మట్టి గుండు దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. బాణపు మొన ఆకారంలో ముందుకు వచ్చిన బురుజుల మీద నుంచి, పక్క బురుజు గోడను ఎక్కేందుకు వచ్చే శత్రువుల మీద కాల్పులు జరపవచ్చు. గోడలో ఏ చోటూ కాపలా కంటికి అందకుండా ఉండదు.

ఈ రక్షణకు నగరం పెద్ద మూల్యం చెల్లించింది. చిన్న వలయాన్ని కాపాడటం తేలిక గనుక, కొత్త గోడను పాత గోడ కంటే లోపలికి జరిపారు. దాని బయట మిగిలిపోయిన ఇళ్లను, చర్చిలను, మఠాలను కూల్చివేశారు. లుసిన్యాన్ రాజుల సమాధులున్న సెయింట్ డొమినిక్ మఠం కూడా వాటిలో ఒకటి. నగరం మధ్యగా పారే పెడియోస్ నదిని గోడల బయటకు మళ్లించారు.

ఇంత చేసినా గోడ పని పూర్తి కాలేదు. 1570 జూలైలో లాలా ముస్తఫా పాషా నాయకత్వంలో ఒట్టోమన్ సైన్యం ముట్టడించింది. దాదాపు ఏడు వారాల తరువాత, సెప్టెంబరు 9న నగరం పడిపోయింది. ఒక్క యుద్ధం కోసం కట్టిన గోడ ఆ యుద్ధంలో ఓడింది. కాని నాలుగు శతాబ్దాలకు పైగా నగరానికి ఆకారమిచ్చింది అదే.

నేడు 11 బురుజులలో అయిదు దక్షిణ భాగంలో, అయిదు ఉత్తర భాగంలో ఉన్నాయి. ఫ్లాత్రో అనే పదకొండవ బురుజు మధ్యలోని బఫర్ జోన్‌లో ఉంది. గోడను ఏ పక్షమూ ఒంటరిగా కాపాడలేదని చెప్పడానికి ఈ లెక్క చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) కొత్త కోటగోడను మట్టితో నింపి ఎందుకు కట్టారు?
ఆ) కొత్త గోడ వల్ల నగరం కోల్పోయినవి ఏవి?

9.4 ఒకే కట్టడంలో అనేక కాలాలు

9.4.1 సెయింట్ సోఫియా – సెలిమియే

పాత నగరం ఉత్తర భాగంలో అన్నిటికన్నా పెద్ద కట్టడం సెలిమియే మసీదు. 1209లో దీని నిర్మాణం సెయింట్ సోఫియా కథీడ్రల్‌గా మొదలైంది. 1326లో ప్రతిష్ఠ జరిగింది. లుసిన్యాన్ రాజులు సైప్రస్ రాజులుగా ఇక్కడే పట్టాభిషిక్తులయ్యేవారు. ముఖభాగంలోని గోపురాలను మాత్రం చివరి దాకా కట్టలేదు. 1570 తరువాత ఒట్టోమన్లు దీనిని మసీదుగా మార్చి, రెండు మినార్లు నిలిపారు. సెలిమియే అన్న పేరు 1954లో పెట్టారు.

లోపలికి వెళ్లిన వారు జాగ్రత్తగా చూస్తే కట్టడం చరిత్ర నేల మీదే కనిపిస్తుంది. చర్చి నిర్మాణం తూర్పు దిక్కుకు అభిముఖంగా ఉంది. నమాజు మాత్రం మక్కా దిశగా, అంటే సైప్రస్ నుంచి దక్షిణ ఆగ్నేయంగా, చేయాలి. అందుకే మిహ్రాబ్, తివాచీల వరుసలు కట్టడం అక్షానికి ఏటవాలుగా ఉంటాయి. రాతి స్తంభాలు ఒక దిక్కు చూపిస్తే, తివాచీ గీతలు మరొక దిక్కు చూపిస్తాయి.

దీనిని ఆనుకొని ఉన్న బెదెస్తాన్ ఒకప్పుడు చర్చి. ఒట్టోమన్ కాలంలో అంగడిగా, ముఖ్యంగా వస్త్ర వ్యాపారానికి ఉపయోగపడింది. దగ్గరలోని పెద్ద హమామ్, అంటే ప్రజల స్నానశాల, సెయింట్ జార్జ్ చర్చి ఉన్నచోట ఏర్పడింది. చెక్కడపు పని ఉన్న దాని గుమ్మం ఆ చర్చిదే. అక్కడికి వెళ్లాలంటే వీధి నుంచి మెట్లు దిగాలి. శతాబ్దాల మట్టి, శిథిలాలు పేరుకొని వీధి మట్టం పెరిగింది; గుమ్మం ఉన్నచోటే ఉండిపోయింది. దక్షిణ భాగంలోని ఒమెరియే మసీదు కూడా అగస్టీనియన్ సన్యాసుల చర్చి నుంచి రూపొందినదే.

9.4.2 బ్యూయుక్ హాన్

బ్యూయుక్ హాన్ అంటే టర్కిష్ భాషలో పెద్ద సత్రం. 1572లో, జయించిన రెండేళ్లకే, ఒట్టోమన్ గవర్నరు ముజఫర్ పాషా కట్టించాడు. నలుచదరపు ముంగిలి, చుట్టూ రెండు అంతస్తుల వసారాలు, వాటి వెంట 68 గదులు ఉంటాయి. ముంగిలి మధ్యలో స్తంభాల మీద నిలిచిన చిన్న ప్రార్థనా మందిరం ఉంది. కింది అంతస్తులో సరుకులు, పై అంతస్తులో వ్యాపారులు ఉండేవారు. బ్రిటిష్ పాలన తొలినాళ్లలో ఇది జైలుగా మారింది. ఆ తరువాత పేద కుటుంబాలు నివసించాయి. మరమ్మతుల అనంతరం 2002లో తెరుచుకున్న ఈ సత్రంలో నేడు హస్తకళాకారుల దుకాణాలు, కాఫీ అంగళ్లు ఉన్నాయి. వ్యాపారం కోసం కట్టిన కట్టడం మళ్లీ వ్యాపారానికే చేరింది.

9.4.3 ఇళ్లు

వారసత్వమంటే ప్రార్థనా స్థలాలు, కోటలు మాత్రమే కాదు. దక్షిణ భాగంలో హాజీ గెయోర్గాకిస్ కొర్నెసియోస్ భవనం ఉంది. ఆయన ఒట్టోమన్ పాలకులకు, క్రైస్తవ ప్రజలకు మధ్య దుబాసీగా, పన్నుల వ్యవహారాలు చూసే అధికారిగా పనిచేసిన గ్రీకు సైప్రియట్. 18వ శతాబ్దం చివర కట్టిన ఆ ఇంటిలో ఒట్టోమన్ పద్ధతి మిద్దె గది, గ్రీకు క్రైస్తవ చిహ్నాలు పక్కపక్కనే కనిపిస్తాయి. 1809లో ఆయనకు మరణశిక్ష పడింది. ఆయన ఇల్లు నేడు మ్యూజియం.

సామాన్యుల ఇళ్లు ఎక్కువగా పచ్చి ఇటుకలవి. గుమ్మాలకు, మూలలకు పసుపు వన్నె ఇసుకరాయి వాడారు. పచ్చి ఇటుక వేసవిలో చల్లగా ఉంచుతుంది. కాని పైకప్పు, పూత ఉన్నంత వరకే నిలుస్తుంది. కప్పు పోయిన ఇంటి గోడలను కొద్ది వానాకాలాలు కరిగించివేస్తాయి. ఈ విషయం గుర్తుంచుకోండి. తరువాతి విభాగాలలో దీని ప్రాముఖ్యం తెలుస్తుంది.

9.5 గ్రీన్ లైన్ – విభజన

1960 రాజ్యాంగం గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య అధికారాన్ని పంచింది. ఆ ఏర్పాటు నిలవలేదు. 1963 డిసెంబరులో నికోసియాలో రెండు సమాజాల మధ్య హింస చెలరేగింది. కాల్పుల విరమణ కోసం బ్రిటిష్ సైనికాధికారి మేజర్ జనరల్ పీటర్ యంగ్ నగర పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో ఒక గీత గీశాడు. గ్రీన్ లైన్ అన్న పేరు అలా వచ్చింది. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతి దళం ఏర్పాటైంది.

ఈ దళ చరిత్రలో భారతీయుల పాత్ర ఉంది. దాని మొదటి కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. గ్యానీ. తరువాత భారత సైన్య మాజీ ప్రధానాధికారి జనరల్ కె.ఎస్. తిమ్మయ్య బాధ్యత చేపట్టి, 1965 డిసెంబరులో విధి నిర్వహణలో ఉండగానే సైప్రస్‌లో మరణించారు. 1974 సంక్షోభ సమయంలో కమాండర్‌గా ఉన్నది లెఫ్టినెంట్ జనరల్ దేవాన్ ప్రేమ్ చంద్.

1974 జూలై 15న, అప్పటి గ్రీసు సైనిక ప్రభుత్వ ప్రోద్బలంతో సైప్రస్‌లో ప్రభుత్వాన్ని కూలదోశారు. జూలై 20న టర్కీ సైన్యం ద్వీపం మీద దిగింది. ద్వీపంలో మూడో వంతుకు పైగా ఉత్తర ప్రాంతం టర్కీ సైన్యం అధీనంలోకి వెళ్లింది. గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి ఇళ్లు వదిలి తరలిపోయారు. గ్రీన్ లైన్ ద్వీపమంతటా సుమారు 180 కిలోమీటర్ల బఫర్ జోన్‌గా విస్తరించింది. పాత నగరంలో కొన్ని చోట్ల దాని వెడల్పు కొద్ది మీటర్లే.

ఆ రేఖ పడిన చోటును గమనించండి. పెడియోస్ నదిని గోడల బయటకు మళ్లించాక, దాని పాత మార్గం కాలక్రమంలో వీధిగా మారింది. ఎర్ము వీధి అనే ఆ దారి వెంట బజారు పెరిగింది. అన్ని సమాజాల వారూ అక్కడ కొనుగోళ్లు, అమ్మకాలు జరిపేవారు. గ్రీన్ లైన్ పాత నగరంలో దాదాపు ఆ దారినే అనుసరిస్తుంది. అంటే ఒకప్పటి నది బజారైంది. మనుషులను కలిపిన బజారే వారిని విడదీసే హద్దయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) సెలిమియే మసీదులో తివాచీల వరుసలు ఏటవాలుగా ఎందుకుంటాయి?
ఆ) గ్రీన్ లైన్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

9.6 మురుగు కాలువ నుంచి మాస్టర్ ప్లాన్ వరకు

1974 తరువాత రెండు పక్షాల మధ్య అధికారిక సంబంధాలు లేవు. అయితే నేల కింద ఒక సమస్య మిగిలింది. విభజనకు ముందే నగరమంతటికీ కలిపి మురుగునీటి పారుదల వ్యవస్థ పని మొదలైంది. గొట్టాలలో ఎక్కువ భాగం దక్షిణాన, శుద్ధి కేంద్రం ఉత్తరాన ఉన్నాయి. ఒకరి సాయం లేకుండా మరొకరు దానిని నడపలేరు. మురుగునీరు వాలు చూసుకొని పారుతుంది; సరిహద్దు చూసుకొని కాదు.

1978లో దక్షిణ భాగం మేయరు లెల్లోస్ దిమిత్రియాదిస్, ఉత్తర భాగం ప్రతినిధి ముస్తఫా అకింజి ఈ పనికి అంగీకారానికి వచ్చారు. ఎవరి రాజ్యాన్ని ఎవరు గుర్తించినట్లు అన్న చిక్కును పక్కన పెట్టి, పనికి కావలసినంత వరకే మాట్లాడుకున్నారు. ఆ అనుభవం నుంచి 1979లో మరో ఒప్పందం కుదిరింది: నగరానికంతటికీ ఒకే అభివృద్ధి ప్రణాళిక. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో, రెండు వైపుల వాస్తుశిల్పులు, ఇంజనీర్లు, సామాజిక శాస్త్రవేత్తలు కలిసి తయారు చేసిన ఈ పథకమే నికోసియా మాస్టర్ ప్లాన్.

ఈ ప్రణాళికలో మెచ్చుకోదగిన అంశం దాని ముందుచూపు. నగరం విడిపోయి ఉన్నా పనికొచ్చేటట్లు, రేపు కలిస్తే అడ్డం కాకుండా ఉండేటట్లు దానిని రూపొందించారు. హద్దు దగ్గరి వీధులను పాడుపెట్టకుండా, కలిసిన నాడు అవి మళ్లీ నగర మధ్యభాగం కాగలవన్న ఆలోచనతో వాటిని పరిగణించారు.

9.7 పరిరక్షణ – పద్ధతులు, సమస్యలు

మాస్టర్ ప్లాన్ కింద మొదట చేపట్టినవి హద్దుకు ఇరువైపులా ఉన్న రెండు నివాస ప్రాంతాలు: దక్షిణాన క్రిసలినియోతిస్సా, ఉత్తరాన అరబ్ అహ్మద్. గొడవలకు భయపడి జనం వెళ్లిపోవడంతో ఇళ్లు పాడుపడ్డాయి. కాబట్టి ఇళ్లు బాగుచేయడంతో ఆగకుండా, మనుషులు మళ్లీ అక్కడ కాపురం పెట్టేటట్లు చూడటం లక్ష్యంగా పెట్టుకున్నారు. క్రిసలినియోతిస్సాలో ఇళ్లతో పాటు చిన్నపిల్లల బడి, చేతివృత్తుల కేంద్రం ఏర్పడ్డాయి. ఫామగుస్తా ద్వారాన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. ఒమెరియే హమామ్, బెదెస్తాన్ మరమ్మతు పొందాయి. ఈ కృషికి 2007లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది.

2008లో రెండు సమాజాల నాయకుల అంగీకారంతో సాంస్కృతిక వారసత్వ సాంకేతిక సంఘం ఏర్పడింది. అందులో గ్రీకు సైప్రియట్, టర్కిష్ సైప్రియట్ నిపుణులు సభ్యులు. ఉత్తరాన మిగిలిన చర్చిలు, దక్షిణాన మిగిలిన మసీదులు దీని పరిధిలోకి వస్తాయి. తమ ఊరు వదిలి వచ్చిన వారికి అక్కడి ప్రార్థనా స్థలం నిలబడి ఉందా, కూలిపోయిందా అన్నది చిన్న విషయం కాదు. ఎదుటివారి కట్టడాన్ని మనం కాపాడితే మన కట్టడాన్ని వారు కాపాడుతారన్న నమ్మకమే ఈ పనికి పునాది.

సమస్యలు లేకపోలేదు. మొదటిది, బఫర్ జోన్. అక్కడ ఏ మార్పు చేయాలన్నా రెండు సైన్యాలూ అనుమానంగా చూస్తాయి. ఆస్తి హక్కుల చిక్కులు ఉన్నాయి. ఈలోగా వాన ఆగదు. కప్పు పోయిన పచ్చి ఇటుక ఇళ్లు ఏటేటా కరిగిపోతున్నాయి. నిపుణులు కట్టడాల వివరాలు నమోదు చేసి, కొన్నింటికి కూలకుండా ఊతాలు నిలిపారు. అవి కాలాన్ని కొనిపెడతాయే తప్ప, శాశ్వత పరిష్కారం కావు. రెండవది, బాగుపడిన వీధులలో కాఫీ హోటళ్లు, పర్యాటకుల బసలు పెరిగితే అద్దెలు పెరుగుతాయి. తక్కువ ఆదాయం గల పాత నివాసులకు అక్కడ చోటు కష్టమవుతుంది. మూడవది, సైప్రస్‌లో పాఫోస్, త్రోదోస్ కొండల చిత్రాల చర్చిలు, కిరోకిటియా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. నికోసియా పాత నగరం అందులో లేదు. జాబితాలో లేనంత మాత్రాన ఒక నగరానికి విలువ తగ్గదని గ్రహించాలి.

9.8 నడిచి చదవడం

2003 ఏప్రిల్‌లో హద్దు దాటే దారులు మొదటిసారి తెరుచుకున్నాయి. 2008 ఏప్రిల్ 3న పాత నగరం నడిమధ్యలోని లెద్రా వీధి దారి తెరిచారు. నేడు గుర్తింపు పత్రాలు చూపి కాలినడకన దాటవచ్చు. ఫామగుస్తా ద్వారం వద్ద మొదలుపెట్టి, క్రిసలినియోతిస్సా వీధులు, 17వ శతాబ్దపు సెయింట్ జాన్ కథీడ్రల్, కొర్నెసియోస్ భవనం, ఒమెరియే చూసి, లెద్రా వీధిలో హద్దు దాటి, బ్యూయుక్ హాన్, సెలిమియే మీదుగా కిరీనియా ద్వారం చేరితే నగర చరిత్రంతా ఒక్క పూటలో పాదాల కింద సాగుతుంది. ఆ ద్వారానికి ఇరుపక్కలా గోడ ఉండదు. 1931లో మోటారు వాహనాల కోసం బ్రిటిష్ వారు గోడను కోసి దారి చేశారు.

ఏ పాత పట్టణాన్ని చూసేటప్పుడైనా నాలుగు ప్రశ్నలు వేసుకోండి: నీరు ఎక్కడ పారింది? గోడ ఎవరిని ఆపడానికి కట్టారు? కట్టడం మొదట దేనికి కట్టారు, ఇప్పుడు దేనికి వాడుతున్నారు? ఇక్కడి నుంచి వెళ్లిపోయిన వారు ఎవరు? నాలుగవ ప్రశ్నకు సమాధానం సాధారణంగా ఏ బోర్డు మీదా రాసి ఉండదు. అది అడిగి తెలుసుకోవాలి.

కృత్యం: మీకు దగ్గరలోని ఒక పాత పేట లేదా కోటను చూసి, పై నాలుగు ప్రశ్నలకు ఒక పేజీలో సమాధానం రాయండి.

9.9 సారాంశం

నికోసియా పాత నగరం లుసిన్యాన్, వెనిస్, ఒట్టోమన్, బ్రిటిష్ పాలనల పొరలతో ఏర్పడింది. 1567 నాటి గోడ దానికి ఆకారమిచ్చింది. చర్చిలు మసీదులై, అంగళ్లై, స్నానశాలలై నిలిచాయి. 1963లో గీసిన రేఖ 1974లో స్థిరపడి నగరాన్ని విభజించింది. మురుగునీటి ఒప్పందంతో మొదలైన సహకారం ఉమ్మడి మాస్టర్ ప్లాన్‌కు దారితీసింది. రాజకీయ పరిష్కారం వచ్చేదాకా కట్టడాలు వేచి ఉండలేవు. కనుక పరిష్కారం కంటే ముందే పరిరక్షణ మొదలు కావాలి. నికోసియా అనుభవం నేర్పే ముఖ్య పాఠం ఇదే.

9.10 ముఖ్య పదాలు

బురుజు : కోటగోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన కట్టడం.
మిహ్రాబ్ : మసీదులో మక్కా దిశను సూచించే గూడు.
హాన్ : వ్యాపారుల బస, సరుకుల నిల్వ కోసం కట్టిన సత్రం.
బఫర్ జోన్ : రెండు సైన్యాల మధ్య శాంతి దళాల పర్యవేక్షణలో ఉండే ప్రాంతం.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి సమాధానాలు

1. అ) మట్టి ఫిరంగి గుండు దెబ్బను ఇముడ్చుకుంటుంది కనుక. ఆ) గోడ బయట మిగిలిన ఇళ్లు, చర్చిలు, మఠాలు, రాజుల సమాధులు, నగరం మధ్యగా పారే నది.
2. అ) చర్చిగా కట్టిన కట్టడం తూర్పు ముఖంగా ఉంది; నమాజు దిశ దక్షిణ ఆగ్నేయం. ఆ) బ్రిటిష్ అధికారి పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీయడం వల్ల.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నికోసియా పాత నగరంలోని కట్టడాలు వివిధ పాలనల ప్రభావాన్ని ఎలా తెలియజేస్తాయో వివరించండి.
2. నికోసియా మాస్టర్ ప్లాన్ పుట్టుకను, ఫలితాలను, పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వెనిస్ వారి కోటగోడ నిర్మాణ విధానం.
2. బఫర్ జోన్‌లో కట్టడాల పరిరక్షణ సమస్యలు.